పేరు గొప్పదా, పని గొప్పదా?

మన పని గురించి మనమే చెప్పుకోవడం తప్పా? అప్రైజల్ టైమ్ వచ్చిందంటే నా మనసులో ఇదే ప్రశ్న. రోలెక్స్ కథ చదివాక కొంత క్లారిటీ వచ్చింది.

1908లో హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ పేరు రిజిస్టర్ చేసేనాటికి, చేతి గడియారం కరెక్ట్ టైమ్ చూపిస్తుందంటే నమ్మేవాళ్లు తక్కువ. ఆయన వాచీలను పరీక్షలకు పంపారు. 1914లో ఇంగ్లండ్‌లోని క్యూ అబ్జర్వేటరీ 45 రోజులు పరీక్షించి క్లాస్-ఎ సర్టిఫికెట్ ఇచ్చింది. 1926లో నీళ్లు చొరబడని ఆయిస్టర్ వచ్చింది.

1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ ఇంగ్లిష్ చానల్ ఈదారు. ఆ వెంటనే ఇంకొకరు ఈదానని అబద్ధమాడటంతో, ఈమెనూ అనుమానించారు. నిరూపించుకోడానికి మళ్లీ దిగారు, ఈసారి ఆయిస్టర్‌తో. వణికించే నీళ్లలో పది గంటలు దాటినా ఒడ్డు చేరలేకపోయారు. వాచీ మాత్రం ఆగలేదు. నవంబరులో డెయిలీ మెయిల్ మొదటి పేజీలో రోలెక్స్ ప్రకటన!

పరీక్షకు నిలబడ్డాక చెప్పుకుంటే అది గొప్పలు పోవడం కాదు. కానీ ఒక్కసారి ఆలోచించండి: వాచీ పేరు అందరికీ తెలుసు, ఈదిన మనిషి పేరు ఎంతమందికి తెలుసు? తెలియనంత మాత్రాన ఆ ఈత చిన్నదైపోతుందా? చేసిన పని ధైర్యంగా చెప్పుకుందాం. మన విలువను మాత్రం వచ్చిన పేరుతో కొలుచుకోవద్దు.