విషాదము – ఔషధము – విశ్వాసము

భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. గాండీవము జారుచున్నదని మొరపెట్టిన అర్జునుని మాటలను శ్రీకృష్ణుడు సాంతముగా వినెను. పిమ్మట అధైర్యము తగదని మందలించెను. ఆ మందలింపు ఫలింపలేదు. యుద్ధము చేయనని పలికి అర్జునుడు మౌనము వహించెను. భగవానుడు విసుగుచెందక వేరు మార్గము చేపట్టి, పదునెనిమిదవ అధ్యాయము వరకు బోధించెను.

మనమో, నిద్రాహారములు మాని వారముల తరబడి మూలనున్న కోడలిని చూచి, “భక్తి లేకనే ఈ దిగులు” అందుము. ఇది ధర్మమా? కుంగుబాటు కూడ వ్యాధియే. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయచికిత్సకు పేరొందినది. ఆ క్షయకై 1952 ప్రాంతమున అమెరికాలో పరీక్షించిన ఇప్రోనియజిడ్ అను మందు రోగుల మనస్సులను తేలికపరచెను. కుంగుబాటునకు తొలి ఔషధములలో ఒకటి అట్లు లభించినది.

తొలి మందే ఫలించునను నియమము లేదు. 2006లో వెలువడిన అమెరికా పరిశోధనలో మొదటి మందుతో పూర్తిగా కోలుకొన్నవారు సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. చికిత్స మార్చగా మరికొందరు కోలుకొనిరి. ఎవరికేది పనిచేయునో ముందుగా నిశ్చయించు పరీక్ష నేటికిని స్థిరపడలేదు. కావున కొన్ని వారములు ఓపికపట్టి, మార్పును వైద్యునికి తెలుపుచు, తమంతట తాము మందు మానకుండుటయే ఉపాయము.

పుంగనూరు నుండి తిరుమలకు నడచు యాత్రికుడు చేతికఱ్ఱ ఊనుకొన్నంతనే స్వామిని నమ్మనివాడగునా? ధన్వంతరియు విష్ణ్వంశయే కదా! 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును. ఆప్తుని ఆలయమునకు తోడ్కొనిపోవు చేయియే ఆసుపత్రికిని తోడు కావలెను.