గోవర్ తీరంలో బాయి పాఠం

మాది గోదావరిఖని. బొగ్గు బాయి జీతం మీద పెరిగినవాళ్లం. వేల్స్‌కు వచ్చాక ఇదీ బొగ్గు నేలేనని తెలిసి ఊరు దగ్గరైనట్టనిపించింది. అయినా పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలని ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘంలో ఎవరడిగినా నేను మొదట చెప్పేది స్వాన్సీ పక్కనున్న గోవర్ ద్వీపకల్పం పేరే.

బ్రిటన్‌లో విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా 1956లో మొదట గుర్తించింది దీన్నే. సున్నపురాయి కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. త్రీ క్లిఫ్స్ బేలో నడవాలి, రోసిలీ ఇసుకలో 1887లో మునిగిన హెల్వెటియా ఓడ పక్కటెముకలు చూడాలి. పావిలాండ్ గుహలో 1823లో దొరికిన ఎర్రమట్టి పూసిన ఎముకలను స్త్రీవని అనుకున్నారు. అవి ముప్పై వేల ఏళ్లకు పైబడిన ఒక యువకుడివి.

పిల్లలకు తప్పకుండా చూపించాల్సింది మాత్రం వర్మ్స్ హెడ్. రోసిలీ చివరన సముద్రంలోకి పాకిన కొండ అది. ఆటు సమయంలో, అటూ ఇటూ కలిపి ఐదు గంటలే రాళ్ల దారి తేలి ఉంటుంది. పోటు వస్తే దారి మునుగుతుంది. అవతల చిక్కినవాళ్లు ఈదడానికి తెగించకుండా మళ్లీ ఆటు వచ్చేదాకా ఆగాల్సిందే. కవి డిలాన్ థామస్ కూడా అట్లా చిక్కుకున్నవాడే. ఒడ్డున స్వచ్ఛంద కార్యకర్తలు దుర్భిణితో కాపలా కాస్తుంటారు, దాటే సమయాలు బోర్డు మీద రాసిపెడతారు.

అక్కడ నిలబడితే నాకు మా బాయి ల్యాంప్ రూమ్ యాదికొస్తుంది. షిఫ్టు ముగిశాక ఒక్క టోపీ లైటు తిరిగి రాకపోయినా, ఆ మనిషి ఎక్కడున్నాడని వెతికేవారు. మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పు కొట్టి, ఆ చప్పుడు విని, బాగుందన్నాకే పనిలోకి దిగేవారు. ఆ నియమాలన్నీ ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నవే. అవి ఉన్నా 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు వచ్చిపడి 17 మంది చనిపోయారు. అట్లాంటి ఆపదల కోసం రామగుండంలోని గని రెస్క్యూ స్టేషన్‌లో మనుషులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. ఇతరులు బయటికి పరుగెత్తే చోటికి వాళ్లు లోపలికి వెళ్తారు.

అట్లాంటివాళ్లు ఇక్కడా ఉన్నారు. గోవర్ తూర్పు కొసన మంబుల్స్ ఊరుంది. 1947 ఏప్రిల్ 23న తుపానులో సామ్‌టాంపా ఓడను కాపాడడానికి అక్కడి లైఫ్‌బోట్‌లో ఎనిమిది మంది బయల్దేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఓడలోని 39 మందీ పోయారు. అయినా ఆ ఊరు లైఫ్‌బోట్‌ను మానుకోలేదు. ఇప్పటికీ తీరం వెంట ఆ పని చేసేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే.

మన పిల్లలకు బతుకమ్మ ఆడడం నేర్పుతున్నాం, పద్యాలు చెప్పిస్తున్నాం. మంచిదే. తోటి మనిషి క్షేమంగా పైకి వచ్చేదాకా మన పని అయిపోలేదన్న బాయి సంస్కారం కూడా మన తండ్రులు ఇచ్చిన ఆస్తే. దాన్ని వేదిక మీద ఉపన్యాసంతో నేర్పలేం. వర్మ్స్ హెడ్ దగ్గర సమయాల బోర్డు చదివించి, మంబుల్స్‌లో ఆ ఎనిమిది మంది కథ చెబితే వాళ్లకే అర్థమవుతుంది.

ఈ వేసవిలో వెళ్లండి. పోటు సమయాలు ముందే చూసుకోండి. ఆపదొస్తే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలని పిల్లలకు చెప్పి ఉంచండి. వీలైనవారు లైఫ్‌బోట్ సంస్థకు ఏటా ఎంతో కొంత విరాళం ఇవ్వండి.