ఇప్పుడే అయిపోయింది

"ఇప్పుడే అయిపోయింది సార్" అన్న మాట అబద్ధమా కాదా అన్నది నాకు ఇన్నేళ్లయినా తేలలేదు. మాటగా చూస్తే పచ్చి అబద్ధమే. ఇల్లు ఖాళీగానే ఉంటుంది, గేటుకు టూలెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. కానీ చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ నిజం తెలిసే ఉన్నప్పుడు అక్కడ మోసపోయింది ఎవరు? ఎవరూ మోసపోకపోతే అబద్ధం ఎట్లా అవుతుంది? అబద్ధం కాకపోతే అది నన్నెందుకు వదలదు?

2018 ఎండాకాలం డిగ్రీ పరీక్షలు అయిపోయాక హిందూపురంలో ఒక ఇళ్ల బ్రోకరు దగ్గర పనికి చేరాను. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి. ఇంజనీర్లు, వెల్డర్లు, కాంట్రాక్టర్ల మనుషులు, డ్రైవర్లు, అందరికీ ఇళ్లు కావాలి. పెనుకొండలో సామాన్లు పడేసుకునే మిద్దెగదులకు కూడా సున్నాలు కొట్టి అద్దెకు పెడుతున్నారు. నా పనల్లా తాళాలు తీసుకుని, వచ్చినవాళ్లను బండి మీద ఎక్కించుకుని ఇళ్లు చూపించడమే. కుదిరితే కమిషన్లో నాకూ కొంత.

వచ్చినవాళ్లు మొదట అడిగేది నీళ్ల గురించి. హిందూపురంలో అద్దె ఎంతన్నది తర్వాతి మాట. కొళాయి ఎన్నాళ్లకొకసారి వస్తుంది, బోరు ఉందా, సంపు ఎంత పెద్దది, సందులోకి ట్యాంకరు తిరుగుతుందా, ఇవి తేలాకే గదుల్లోకి అడుగు పెట్టేవాళ్లు. ఇంటివాళ్లు మొదట అడిగేది ఇంకొకటి. దాన్ని నేరుగా అడిగేవాళ్లు తక్కువ. నాన్‌వెజ్ తింటారా అనీ ఇంటిపేరేమనీ అడగడం పట్నం పద్ధతి. మా వైపు అంతకన్నా సులువైన దారి ఉంది: "ఊర్లో యా పక్క మీ ఇల్లు?" ఊరిపేరు, ఆ ఊర్లో ఏ పక్కో తెలిస్తే ఇంకేమీ అడగక్కర్లేదు. ఆ జవాబు వినగానే కొందరికి ఇల్లు అప్పుడే అయిపోయేది.

మా బ్రోకరు నాకు చెప్పిన తొలి పాఠమే అది. "లేదని చెప్పొద్దు, అయిపోయిందని చెప్పు. లేదంటే కోపమొస్తాది. అయిపోయిందంటే ఎవరి మీదా రాదు." ఆయన చెడ్డమనిషి కాడు. ఎదుటివాడి మనసు నొప్పించకూడదన్నదే ఆయన ఉద్దేశం. అప్పుడు నాకూ అదే మర్యాద అనిపించింది.

ఇలాంటి మర్యాదకు మన పెద్దలు ముందే పూచీ పడ్డారు. అప్రియమైన నిజం పలకొద్దన్నారు. ఎక్కడెక్కడ బొంకితే పాపం రాదో శుక్రాచార్యుడు బలికి ఒక జాబితానే అప్పగించాడు, మానం పోయే సందర్భం అందులో ఉంది. అయితే ఆ సలహా పుట్టింది చోటు అడగడానికి వచ్చినవాడి ముందు. మూడడుగుల నేల అడిగిన కుర్రవాడికి లేదని చెప్పి పంపేయమని యజమానికి గురువు చెప్పిన మాట అది. బలి వినలేదు. ఆయన్ను మనం పొగుడుతాం, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మాత్రం శుక్రుడి మాటే వింటాం. పైగా ఆ జాబితాలో మానం అంటే ఎవరి మానం? అద్దెకు వచ్చినవాడిదని మేం అనుకునేవాళ్లం. ఇప్పుడు చూస్తే మేం కాపాడింది ఇంటివాళ్లదే. తాము ఫలానావాళ్లను గుమ్మం ఎక్కనివ్వరన్న మాట తమ నోటితో అనాల్సిన అవసరం వాళ్లకు ఒక్కసారీ రాలేదు.

చట్టానికి కూడా ఆ మాటే కావాలి. అంటరానితనాన్ని శిక్షించే చట్టం 1955 నుంచీ ఉంది, 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. ఇలాంటి చోట కేసు నిలబడాలంటే ఎవరో ఏదో అని ఉండాలి, ఇంకొకరు విని ఉండాలి. "అయిపోయింది"లో కులం లేదు, సాక్ష్యం లేదు. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల కోసం వేర్వేరు కులాల, మతాల పేర్లతో అడిగి చూసి, పేరును బట్టి జవాబు ఎట్లా మారుతుందో 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసింది. ఒక్క జవాబును పట్టుకుంటే ఏమీ దొరకదు, పక్కపక్కన పెడితేనే దొరుకుతుంది. మేం పదకొండు నెలల అగ్రిమెంట్లు రాసేవాళ్లం, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ గొడవ గనుక. గోడలకు మేకులు కొట్టరాదని కూడా అందులో ఉండేది. అసలు షరతు మాత్రం ఏ స్టాంపు కాగితం మీదికీ ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎర్రమంచిలో కాంట్రాక్టరు దగ్గర కరెంటు పని. పాప పది రాసింది, హిందూపురంలో ఇంటర్‌లో చేర్చాలని ఇల్లు వెతుకుతున్నాడు. నేను చూపించిన ఇల్లు వాళ్లకు నచ్చింది. ఇంటామెకు కూడా పాప నచ్చింది. ఎండలో వచ్చినారని నన్నారి కలిపి స్టీలు గ్లాసుల్లో ఇచ్చింది. పరీక్షలెట్లా రాసినావని అడిగింది. ఏ గ్రూపు అని అడిగింది. తర్వాత అదే గొంతుతో, "ఊర్లో యా పక్కమ్మా మీ ఇల్లు?" అంది. పాప చెప్పింది. దాచడానికి అందులో ఏముందో ఆ పిల్లకు తెలియదో, తెలిసీ దాచదలచుకోలేదో, నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇంటామె ముఖంలో ఏమీ మారలేదు. పాప ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింటి వైపు రెండడుగులు వేసింది. "లోపలికి తేవొద్దులేమ్మా, ఆడ కొళాయి కాడ పెట్టు" అంది. పాప పెట్టింది. నన్ను మాత్రం లోపలికి పిలిచి, మా బావగారి కొడుకు అడిగింటే మాటిచ్చినాం, మర్చేపోయినా చూడు, అంది. నేను వరండాలోకి వచ్చి నోరు తెరవబోయాను.

"అయిపోయింటాదిలే అన్నా" అన్నాడాయన.

నేను చెప్పాల్సిన మాట ఆయనే చెప్పేశాడు. "ఖాళీ అనే కదా నాన్నా పిల్చుకొచ్చినారు" అంది పాప. "పొరపాటు పడింటార్లేమ్మా" అన్నాడు. ఇంకెక్కడైనా ఉంటే ఫోన్ చేయమని తన నంబరు ఇచ్చాడు. బండి మీద ముగ్గురం ఇరుక్కుని బస్టాండు దాకా వచ్చాం. దారిలో ఎవరమూ ఆ ఇంటి మాటెత్తలేదు.

అప్పటిదాకా ఆ అబద్ధం మాది అనుకునేవాణ్ణి. ఆయన దాన్ని నా చేతిలోంచి లాక్కుని తన కూతురికి అడ్డం పెట్టాడు. అంటే అది ఆయనకూ కావాల్సిందేనా? అవుననుకుంటే మర్యాద వాదమే గెలిచినట్టు. ఆ పాప ముందు ఉన్నదున్నట్టు చెప్పడం నిజాయితీ అవుతుందా, ఇంకో దెబ్బ అవుతుందా? చాలాకాలం నేను ఇక్కడే ఆగిపోయాను. తర్వాత తట్టింది: నిజం చెప్పాల్సిన చోటు వరండా కాదు, వంటిల్లు. బావగారి కొడుకు సంగతి నాతో చెప్పినప్పుడే, "లేదమ్మా, కారణం అది కాదు" అని ఉండాల్సింది. కానీ దీనిమీదా నాకు పూర్తి నమ్మకం లేదు. అలా అని ఉంటే ఆమె తాళం ఇంకో బ్రోకరుకు ఇచ్చేది, అంతే. ఇల్లు ఆ పాపకు వచ్చేది కాదు.

పోనీ మొహం మీద చెప్పేవాళ్లు మేలా? ధర్మవరంలో ఒక పెద్దాయన ఉండేవాడు. మగ్గం వేసుకునేవాళ్లకు ఇల్లిస్తే గుంత తవ్వుకోనియ్యాలి, ఖాళీ చేసేటప్పుడు పూడ్చిపోవాలి. ఆయన ఇంట్లో నడవాలో గుంత పూడ్చి సిమెంటు పూసిన మేర గచ్చు రంగు వేరుగా ఉండేది. దాని మీద నిలబడే నాకు చెప్పాడు: "ఫలానావాళ్లకు నేనియ్యను, పిల్చుకొచ్చి నా టైమూ వాళ్ల టైమూ చెడగొట్టొద్దు." ఆయన మీద నాకు ఒక రకమైన గౌరవం కలిగింది. ఆ గౌరవం చూసి నాకే రోత పుట్టింది. అయినా లెక్క వేస్తే ఆయన వల్ల ఎవరి బస్సు చార్జీలూ, ఎవరి పూట కూలీ వృథా కాలేదు. మా మర్యాద నమ్మినవాళ్లు, నిజంగానే అయిపోయిందనుకుని, అదే వీధిలో ఇంకో బోర్డు చూసి మళ్లీ వచ్చేవాళ్లు. మనసు నొప్పించని మాటకు ఖర్చు వాళ్లే పెట్టుకునేవాళ్లు. అట్లాగని పెద్దాయనది ధైర్యమూ కాదు. ఊరంతా తన వెనకే ఉందని తెలిసినవాడికి ధైర్యంతో పనేముంది?

డబ్బు వస్తే, ఫ్యాక్టరీ వస్తే ఇవన్నీ పోతాయంటారు. పెనుకొండలో ఒకరు కొరియా ఆయనకు పై అంతస్తు ఇచ్చారు. ఏం తింటాడని అడగలేదు, ఏ పక్కని అడగలేదు. వంటింటికి కొత్త చిమ్నీ కూడా పెట్టించారు. మన వైపు ఇల్లు భోగ్యానికి ఇస్తారే, మొత్తం ఒకేసారి తీసుకుని అద్దె లేకుండా, ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చేట్టు, అట్లాంటిదే కొరియాలోనూ ఉంది, చోన్సె అంటారు. ఆ సంగతి తెలిశాక ఇంటాయన, వాళ్లూ మనలాంటోళ్లేనప్పా అని పొంగిపోయాడు. సముద్రాల అవతలివాడు మనలాంటివాడు అవడానికి ఒక పూట పట్టింది. కంపెనీ అద్దె కడుతుంది గనుక అనుకోవచ్చు. కానీ ఆ కరెంటు పనాయన కూడా అడ్వాన్సు తెచ్చుకునే వచ్చాడు.

ఇప్పుడు మాకూ పరిగి రోడ్డులో ఇల్లుంది. మొన్న పై పోర్షన్ ఖాళీ అయితే ఒక బ్రోకరుకు చెప్పాం. ఆయన తరఫున ఇల్లు చూసుకోవడానికి ఒక కుర్రాడు నోటుబుక్కుతో వచ్చాడు. గదులు, అద్దె, అడ్వాన్సు రాసుకున్నాడు. "ఎవరికి ఇయ్యొద్దో చెప్పండి సార్" అన్నాడు. ఎవరికైనా ఇవ్వొచ్చని చెప్పాను. పెన్ను ఎత్తి పట్టుకుని కాసేపు ఆగాడు.

"మొదట అందరూ అట్లే అంటారు సార్. తర్వాత ఫోన్ చేసి చెప్పండి, ఏం పర్లేదు" అని ఆ గడి ఖాళీగా వదిలేసి, సంపు ఎన్ని లీటర్లని అడిగాడు.