ఓటు ఒక సాక్ష్యం



దంతాలపల్లిలో జుమా నమాజు తర్వాత ఒక యువకుడు అడిగాడు: “మౌలానా! మన డోర్నకల్ శాసనసభ స్థానం, మహబూబాబాద్ లోక్‌సభ స్థానం రెండూ ఎస్టీలకు రిజర్వు అయ్యాయి. మనవాడు నిలబడే వీలే లేదు. ఇక ఓటెందుకు?”

రిజర్వేషన్ అభ్యర్థికే గాని ఓటరుకు కాదు. గెలిచిన సభ్యుడు తండావాసులకూ, మసీదు వీధివారికీ ప్రతినిధే. ముఖ్యమంత్రిని మనం నేరుగా ఎన్నుకోం. 119 మంది శాసనసభ్యుల్లో కనీసం 60 మంది మద్దతు కూడగట్టినవారు ప్రభుత్వం నడుపుతారు. మంత్రివర్గం ఆ సభకే జవాబు చెప్పుకోవాలి. ఆ 119 మందిలో ఒకరిని పంపే బాధ్యత మనపై ఉంది.

ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహి) ఓటును షహాదత్, అంటే సాక్ష్యంగా పరిగణించారు. సాక్ష్యం రక్తసంబంధం చూసి ఇచ్చేది కాదు. కన్నవారికి వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన నిలవాలన్నది సూరా నిసా 135వ ఆయత్ ఆదేశం. మరి ‘మనవాడు’ లేడని మౌనం వహించడం ఎలా సబబు? ఇక డబ్బు తీసుకుని వేసే ఓటంటారా, అది అమ్ముకున్న సాక్ష్యమే.

ఆ యువకుడు కాసేపు ఆలోచించి, తన తల్లి పేరు ఓటర్ల జాబితాలోనే లేదన్నాడు. ఫారం-6 నింపించి బూత్ స్థాయి అధికారికి ఇవ్వమన్నాను. గ్రామసభకు కూడా ఆమెను వెంటబెట్టుకు వెళ్ళమన్నాను.