పూర్వపక్షానికి చోటు లేని వేదికలు

2022 డిసెంబరు 18న ట్విట్టర్ ఒక కొత్త నిబంధన ప్రకటించింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, మాస్టొడాన్, నాస్టర్ వంటి ఇతర సామాజిక మాధ్యమాల్లో ఉన్న తమ ఖాతాలకు ఎవరూ లింకులిచ్చి ఉచితంగా ప్రచారం చేసుకోకూడదట. అంతకు మూడు రోజుల ముందే ట్విట్టర్‌లో మాస్టొడాన్ సొంత ఖాతాను నిలిపేశారు. తన మాస్టొడాన్ లింకు తన వెబ్‌సైట్‌లో దొరుకుతుందని చెప్పినందుకు, స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ సహవ్యవస్థాపకుడు పాల్ గ్రాహం ఖాతా కూడా ఆగిపోయింది. విమర్శలు వెల్లువెత్తడంతో మర్నాటికల్లా నిబంధనను ఉపసంహరించుకున్నారు.

ప్రత్యర్థిని ఖండించవచ్చు. కానీ అతని పేరే వినబడకుండా చేయవచ్చా?

భారతీయ దర్శనాల్లో వాదానికి దిగేవాడు ముందు ఎదుటివాడి సిద్ధాంతాన్ని పూర్వపక్షంగా నిలబెట్టాలి. ఖండన ఆ తర్వాతే. 14వ శతాబ్దపు మాధవాచార్యుడి రచనగా చెప్పే సర్వదర్శన సంగ్రహం చార్వాక దర్శనంతోనే మొదలవుతుంది. వేదాన్నీ పరలోకాన్నీ తోసిపుచ్చిన చార్వాకుల మూలగ్రంథాలు దాదాపుగా అంతరించాయి. వాళ్లేమన్నారో ఇవాళ తెలుస్తున్నది ఎక్కువగా వాళ్లను ఖండించినవాళ్ల రాతల వల్లే. ఖండనలో వినేవాడికి తేల్చుకునే వీలుంటుంది. పేరు చెరిపేస్తే ఆ వీలే ఉండదు.

సామాజిక మాధ్యమాల్లో ప్రత్యర్థి పేరు చెప్పే వీలుండడం మరింత ముఖ్యం. మాస్టొడాన్‌నే చూడండి. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా సొంత సర్వర్ నడపవచ్చు. ఒక సర్వర్ నచ్చకపోతే మరొకదానికి మారవచ్చు. పాత పోస్టులు రావు గానీ అనుచరులు వెంట వస్తారు. పెద్ద కంపెనీల వేదికల్లో ఆ ఏర్పాటు లేదు. వదిలి వెళ్లేవాడు కొత్త చిరునామాను స్నేహితులకు తానే చెప్పుకోవాలి. ఆ మాటను ఆపితే వెళ్లిపోయే స్వేచ్ఛ పేరుకే మిగులుతుంది.

దుకాణదారు పక్క దుకాణానికి బోర్డు కట్టాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. అయితే ఇక్కడ మాట్లాడుతున్నది దుకాణదారు కాదు, ఇద్దరు స్నేహితులు.

2025 జనవరిలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌కు ప్రత్యామ్నాయంగా వచ్చిన పిక్సెల్‌ఫెడ్ లింకులున్న పోస్టులను స్పామ్‌గా తొలగించింది. అది పొరపాటని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా చెప్పింది. పొరపాటే కావచ్చు. కానీ స్పష్టమైన కారణం చెప్పకుండా తొలగిస్తే, పొరపాటుకూ ఉద్దేశానికీ తేడా తెలుసుకునే దారి వినియోగదారుడికి ఉండదు.

పోస్టు తీసేస్తే కారణం చెప్పాలని యూరప్ డిజిటల్ సేవల చట్టం కంపెనీలను ఆదేశిస్తోంది. ఆ రక్షణ అన్ని దేశాల్లోనూ అమలయ్యేలా చూడాలి. ఈలోగా ప్రతి వినియోగదారుడూ తాను ఇంకెక్కడ దొరుకుతాడో ఆత్మీయులకు ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది.