నికెల్ రేణువు ఏ కారణం?

ఒక వస్తువు పుట్టుకకు తోడ్పడి, ఆ వస్తువులో భాగం కానిదాన్ని కారణం అనవచ్చా? అనవచ్చంటుంది న్యాయదర్శనం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో కారణాలను మూడు విధాలుగా చెప్పాడు. బట్టకు దారాలు సమవాయి కారణం. దారాల కలయిక అసమవాయి కారణం. మగ్గం, నాడె నిమిత్త కారణాలు. దారాలు నశిస్తే బట్ట నశిస్తుంది. మగ్గం విరిగినా నేసిన బట్టకు లోటు లేదు. కారణాలను వేరుచేసి చూడడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

జగత్తు విషయంలో ఏది ఏ కారణమన్నదే పెద్ద వివాదమైంది. నైయాయికులకు ఈశ్వరుడు కుమ్మరి వంటి నిమిత్త కారణం, పరమాణువులు మట్టి. అద్వైతులకు బ్రహ్మమే కుమ్మరీ, మట్టీ కూడా. అందుకే వారు ముండకోపనిషత్తులోని సాలీడును చూపిస్తారు. అది తన ఒంట్లోంచే దారం తీస్తుంది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో పట్టుపురుగులు పెంచే రైతులకు సాలీడు కన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. మల్బరీ ఆకు మేసి పండిన పురుగును గూళ్లు కట్టే తట్టలైన చంద్రికల మీదికి వదిలితే, తల అటూ ఇటూ తిప్పుతూ రెండు మూడు రోజుల్లో గూడు కడుతుంది. దారం వచ్చింది పురుగు ఒంట్లోంచే, కానీ దాని సరుకు తోటలోని ఆకుది. పురుగు కుమ్మరిలా బయట నిలబడలేదు, దారంలో దారమూ కాలేదు.

కార్బన్ నానో నారలు పుట్టే తీరు దీనికి చాలా దగ్గర. ఇనుము, కోబాల్ట్, నికెల్ వంటి లోహాల అతిచిన్న రేణువులను 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, వాటి మీదుగా ఎసిటిలీన్, ఎథిలీన్ వంటి వాయువులను పంపుతారు. వాయువు రేణువు ముఖాన్ని తాకి విడిపోతుంది. హైడ్రోజన్ వెళ్లిపోతుంది, కార్బన్ రేణువు లోపలినుంచో దాని ఉపరితలం వెంటో సాగి, మరో ముఖం దగ్గర గ్రాఫైట్ పొరలుగా బయటపడుతుంది. పొర మీద పొర చేరి నార పొడవవుతుంది. తరచుగా రేణువు నార కొనకు ఎక్కి, దానితోపాటే పైకి పోతుంది. 1972లో బేకర్ బృందం నికెల్ మీద ఎసిటిలీన్‌తో ఈ పెరుగుదలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ప్రత్యక్షంగా చూసింది. 2004లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు మరో సంగతి గమనించారు: నార పెరిగే వేళ నికెల్ రేణువు సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది.

ఈ రేణువు ఇక్కడ ఉత్ప్రేరకం. కాబట్టి ఉత్ప్రేరకం తాను మారదని బడిలో నేర్పే మాట ఇక్కడ పూర్తిగా నిలవదు. రేణువు ఆకారం మారుతుంది. దానిమీద కార్బన్ పూతగా కప్పుకుపోతే పని ఆగిపోతుంది. పొరలు నార పొడవుకు అడ్డంగా పేరుకోవాలా, చేపముల్లులా వాలాలా అన్నది చాలావరకు రేణువు ముఖాలను బట్టే ఉంటుంది. అంటే నిమిత్తం అసమవాయి కారణాన్ని, కలయికను, తీర్చిదిద్దుతోంది. మగ్గం చేసేదీ అదే.

ఈ రేణువును చూపి ఈశ్వరుణ్ణి నిరూపించబోవడం, కాదనబోవడం రెండూ తొందరపాటే. నిమిత్తం అంటే దూరంగా, అంటకుండా ఉండేదన్న అలవాటు ఊహను మాత్రం ఇది సడలిస్తుంది. సరుకు తనలోంచో తన మీదుగానో సాగిపోతున్నా అది నిమిత్తంగానే ఉండగలదు.

దారాలు, మగ్గం పరీక్ష ఇక్కడా పనిచేస్తుంది. తయారైన నారలను నైట్రిక్ ఆమ్లంలో కడిగితే, పొరల కింద చిక్కుకున్నది తప్ప, నికెల్ కరిగిపోతుంది. నార మిగులుతుంది. అదే నారను గాలిలో బాగా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతుంది, నికెల్ బూడిదగా మిగులుతుంది.