కళకు తూకమెట్లు?



నేరారోపణకు గురియైన కళాకారుని కృతిని ఇంట నుంచుకొనవచ్చునా?

కైవారమున గాజులమ్మి జీవించి యోగియైన నారేయణ తాతయ్యగారి తెలుగు కీర్తనలు వినునపుడు మనకీ చిక్కు లేదు. కంచెర్ల గోపన్న మాట వేరు. 17వ శతాబ్దమున పాల్వంచ తహసీలుదారుగా నుండి, సర్కారు శిస్తుతో భద్రాచల ఆలయము కట్టించెనని తానీషా ఆయనను గోలకొండ చెరలో నుంచెనందురు. ఆ రామదాసు కీర్తనలు నేటికీ పాడుచున్నాము.

తత్త్వార్థసూత్రము 7వ అధ్యాయమున అచౌర్యవ్రతమునకు చెప్పిన 5 అతిచారములలో దొంగసొమ్ము గ్రహించుట యొకటి, తప్పుడు తూనికలు మరియొకటి. ఆ రెండును ఈ ప్రశ్నను తీర్చగలవు. శిస్తు పరుల సొమ్ము. భక్తి ఎంత గొప్పదైనను ఆ లెక్క అప్పగింపవలసినదే. కీర్తన యన్ననో, ఎవరియొద్దను అపహరించినది కాదు. పాడుటలో దోషము లేదు. కాని ఒకరిని హింసించి, మోసగించి పుట్టించిన కృతిని వెలయిచ్చి కొన్నను ఇంట నుంచరాదు.

ఆరోపణయే రుజువు కాదు. అనేకాంతము నెరిగినవారు ఇరుపక్షములను వినవలెను. అట్లని ప్రతిభను చూచి బాధితుల మొరను తేలిక చేయుట దొంగత్రాసు. అంగడిలో పట్టని ఆ త్రాసును మనస్సులోను పట్టకుందము.

జై జినేంద్ర!